కోడుకంటె ముందు మాట నేర్పుడు

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలోని ఇంజనీరింగు, డిగ్రీ కళాశాలల ప్రధానాచార్యులకును, కంప్యూటరు శాఖల అధ్యాపకులకును బహిరంగ లేఖ

మహాశయులారా,

మన పడమటి చిత్తూరు సీమ విద్యార్థులు ఓపెన్ సోర్స్ అను పేర వ్యవహరింపబడుచున్న సాఫ్ట్‌వేరు నిర్మాణమున పాలుగొనవలెనని మీరు కొన్ని సంవత్సరములుగా ప్రోత్సహించుచుండుటయు, అందులకై కళాశాలలలో శిక్షణ తరగతులను, రాత్రింబవళ్ళు సాగు హ్యాకథాన్ పోటీలను ఏర్పాటు చేయుచుండుటయు, గిట్‌హబ్ ఖాతా లేని విద్యార్థికి ప్లేస్‌మెంటు దినమున చెప్పుకొనుటకు తగినంత పని యుండదని హెచ్చరించుచుండుటయు చూచి హృదయపూర్వకముగ సంతోషించువారిలో నేనొకడను. బెంగుళూరు బస్సెక్కిననే గాని పెద్ద పని చేతికి రాదని నమ్మిన తరము మాది. పుంగనూరులో మిద్దెమీది గదిలో కూర్చుండి, దేశదేశముల యంత్రములలో నడచు ప్రోగ్రామునకు నాలుగు పంక్తులు చేర్చి, తెల్లవారగానే కాలేజీ బస్సుకు పరుగెత్తగల తరము వీరిది. ఇంతటి మార్పును కన్నులార చూచుట భాగ్యమే.

అయితే ఈ ప్రోత్సాహమున ఒక లోపము కలదు. కోడు వ్రాయుటయు, దానిని పంపుటయు నేర్పుచున్నాము గాని, ఆ కోడుతోపాటు ఆవలివానికి చేరవలసిన మాటను నేర్పుట లేదు. ఎవరిని ఏమడుగవలెను, ఎప్పుడడుగవలెను, కాదన్నప్పుడు ఏమనవలెను, తప్పు చూపినవానికి ఎట్లు బదులు చెప్పవలెను, ఇతరుల తప్పును ఎట్లు చూపవలెను అను విషయములు ఏ సెమిస్టరు పాఠ్యప్రణాళికలోను లేవు. ఈ లోపము వలన తెలివితేటలు గల మన పిల్లలు నలుగురిలో చులకనయగుచున్నారు; ఎక్కడో దూరదేశమున ఉద్యోగము ముగించుకొని వచ్చి, రాత్రిపూట ప్రతిఫలము లేక పనిచేయు మనుష్యుల ప్రొద్దు వృథాయగుచున్నది. తల్లిదండ్రులును విద్యార్థులును గూడ వినవలసిన సంగతి యగుటచేత మీకు విడిగా వ్రాయక బహిరంగముగనే విన్నవించుకొనుచున్నాను.

మాటకు ఈ పనిలో ఇంత విలువ యేలయో ఒక ఉదాహరణము చెప్పును. 1991 ఆగస్టు 25వ తేదీన హెల్సింకి విశ్వవిద్యాలయమున చదువుకొనుచున్న లినస్ టోర్వాల్డ్స్ అను 21 ఏండ్ల విద్యార్థి, తాను సరదాకొరకు వ్రాసికొనుచున్న ఒక ఆపరేటింగ్ సిస్టమును గూర్చి ప్రకటించి, దానియందు ఏయే సదుపాయములుండవలెనో చెప్పుడని అపరిచితులను అడిగెను. ఆ అడుగుటనుండి పెరిగిన లినక్సే నేడు మన చేతులలోని ఆండ్రాయిడ్ ఫోనులలో నున్నది. లోకములో మిక్కిలి వేగముగలవిగా లెక్కింపబడు 500 సూపర్ కంప్యూటర్లలోను 2017 నుండి నడచుచున్నది. ఇట్టి పనులలో పెద్దవాటికి కంపెనీల జీతముపై పనిచేయువారు అనేకులు కలరు, నిజమే. అయినను ఒక కంపెనీ అధికారి యాజ్ఞ వేరొక కంపెనీవానిపై చెల్లదు, జీతము లేనివానిపై అసలే చెల్లదు. చెప్పిన కారణము ఎదుటివానికి నచ్చుట తప్ప ఇచట వేరు అధికారము లేదు; చేసిన పనిని మరియొకడు శ్రద్ధగా చదివి బదులిచ్చుట తప్ప చాలమందికి వేరు వేతనమును లేదు. కావుననే సాధారణమైన ఆఫీసులో మర్యాద కొంచెము తగ్గినను పని నడచిపోవును గాని, ఇచట మర్యాద తప్పిన నాడు పనియే నిలిచిపోవును.

మన తెలుగుకు కంప్యూటరులో చోటు దొరకిన విధమును ఇట్టిదే. 2003 డిసెంబరు 10వ తేదీన తెలుగు వికీపీడియాను ప్రారంభించిన వెన్న నాగార్జున, పలువిధములైన పాత ఫాంట్లలో చిక్కుకొనియున్న తెలుగును యూనికోడులోనికి మార్చుటకు 'పద్మ' అను సాధనమును నిర్మించెను. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లను అందించిరి. 2006లో వీవెన్ నిర్మించిన 'లేఖిని' వలన కీబోర్డుపై ఇంగ్లీషక్షరములు మాత్రమే యెఱిగిన వేలాది మంది తెలుగు వ్రాయ మొదలిడిరి. హైదరాబాదునుండి స్వేచ్ఛ సంస్థవారు ఇంజనీరింగు కళాశాలలకు వచ్చి విద్యార్థులను ఈ దారికి మళ్ళించుచున్నారు. వీరిలో ఒకరి ముఖమొకరు చూడనివారెందరో! తెలుగు వికీపీడియాలో అందరును కూడి చర్చించు చోటునకు రచ్చబండ యని పేరు పెట్టుకొన్నారు. ఆ పేరునకు తగినట్లు అచట వాదములును జరిగినవి, కోపతాపములును వచ్చినవి. కోపించి పని మానుకొన్నవారు కొందఱు, కోపము దిగమ్రింగి మరుసటి దినమున మరల వ్యాసము దిద్దినవారు కొందఱు. ఆ రెండవ తెగవారి చలువవలననే ఆ విజ్ఞానసర్వస్వము నిలిచియున్నది.

ఇక మన విద్యార్థుల సంగతి. డిజిటల్ ఓషన్ అను కంపెనీ 2014 మొదలుకొని అక్టోబరు నెలలో 'హ్యాక్టోబర్‌ఫెస్ట్' అను ఉత్సవమును జరుపుచున్నది. 2020లో నాలుగు పుల్ రిక్వెస్టులు, అనగా తాము చేసిన మార్పును స్వీకరింపుమను విన్నపములు, పంపిన మొదటి 70,000 మందికి టీషర్టు గాని, వారి పేర ఒక మొక్క నాటుట గాని బహుమానమని ప్రకటింపబడెను. అంతట ఏమి జరిగెను? మన దేశమున పెక్కుమంది చూచిన ఒక వీడియో పాఠములో, పుల్ రిక్వెస్టు పంపుట ఎంత సులభమో చూపుటకై రీడ్‌మీ ఫైలునందు ఒక్క మాట చేర్చి పంపుట చూపబడినది. దానిని చూచినవారు వేలకొలదిగా అట్టి ఒక్క మాట మార్పులనే, 'అద్భుతమైన ప్రాజెక్టు' అను ప్రశంసతో సహా, ఎవరికి పడితే వారికి పంపిరి. ఆయా ప్రాజెక్టుల నిర్వాహకుల మొర వినలేక, ఉత్సవము మొదలైన మూడవ దినముననే, అనగా అక్టోబరు 3వ తేదీననే, తమకు సమ్మతమని ముందుగా తెలిపిన ప్రాజెక్టులకు తప్ప తక్కిన వాటికి పంపినవి లెక్కకు రావని ఆ కంపెనీ నియమము మార్చవలసివచ్చెను. 2024 తొలి నెలలలో ఎక్స్‌ప్రెస్ అను ప్రసిద్ధమైన ప్రాజెక్టునకు మరల ఇదే గతి పట్టినది: మరియొక వీడియో పాఠము, మరల అదే రీడ్‌మీ ఫైలు, అందులో తమ తమ పేర్లు చేర్చుకొన్న భారతీయ విద్యార్థుల వరద.

ఈ పిల్లలలో దురుద్దేశము గలవారు లేరనియే నా విశ్వాసము. పాఠము చూచిరి, పాఠములో చూపినట్లు చేసిరి. తాము నొక్కిన ఆ ఆకుపచ్చ మీట వెనుక ఒక మనుష్యుడున్నాడనియు, ఆ మనుష్యుడు తాము పంపినదానిని తెరచి, చదివి, త్రోసిపుచ్చి, మూయవలెననియు, ఆ పని రోజునకు నూరుమార్లు చేయవలసి వచ్చినపుడు నిజమైన దోషమును చూపిన నూటయొకటవ వాని ఉత్తరము మరుగున పడుననియు వారికెవ్వరును చెప్పలేదు. దుర్భాష పలుకుట యొక్కటియే అమర్యాద యని మనము తలంచుచున్నాము. పరుల ప్రొద్దును తనదిగా వాడుకొనుట అంతకంటె పెద్ద అమర్యాద. దానికి బదులుగా విసిగినవారు కొందఱు ఆ పిల్లల దేశమును పట్టి, వారి ఇంగ్లీషును పట్టి ఆడిన ఎగతాళి మాటలను నేను సమర్థింపను. అయినను ఆ మాటలు తగిలినపుడు మనము నొచ్చుకొనుటతో ఊరకుండరాదు. సంఖ్యను బట్టి బహుమానమిచ్చువారు సంఖ్యనే పొందుదురు. 'పది పుల్ రిక్వెస్టులకు ఇన్ని మార్కులు' అని మన కళాశాలలలో పెట్టిన నియమమునకును ఆ టీషర్టునకును భేదమేమున్నది?

రెండు ఉత్తరములను ప్రక్కప్రక్కన చూపుదును. రెండును సాధారణముగ ఇంగ్లీషున వ్రాయబడునవే, తెలుగున చెప్పుచున్నాను.

మొదటిది ఇట్లుండును: "రెస్పెక్టెడ్ సార్, నేను ఈ ఇష్యూ మీద పనిచేయాలనుకుంటున్నాను, ప్లీజ్ నాకు అసైన్ చేయండి." దీని క్రిందనే మరి యారుగురు ఇదే మాటను ఇదే రీతిగ వ్రాసియుందురు. ఒకనికి అప్పగింపబడును, అతడు మరల కనబడడు. మూడు వారములైన పిమ్మట మరియొకడు వచ్చి "ఎనీ అప్‌డేట్ సార్?" అని యడుగును. ఇందు ఒక్క కఠినమైన మాట లేదు, గౌరవవాచకములు నిండియున్నవి. అయినను గౌరవము లేదు. ఆ ఇష్యూలో, అనగా ప్రాజెక్టున నమోదైన ఆ సమస్యలో, నున్న చిక్కేమిటో చదివినట్లు గాని, తన యంత్రములో దానిని ఒక్కసారి పరీక్షించి చూచినట్లు గాని అందులో జాడ లేదు. పైగా ఆ 'సార్' అనబడిన వ్యక్తి బ్రెజిల్‌లో నున్న 19 ఏండ్ల విద్యార్థిని కావచ్చును.

రెండవది ఇట్లుండును: "మీ ప్రోగ్రాములో 'లక్ష్మి' అని టైపు చేస్తే తెరమీద సరిగానే ఉంది. పీడీఎఫ్‌గా మార్చినప్పుడు మాత్రం మకారపు ఒత్తు విడిపోయి పక్కకు పడుతోంది. వెర్షన్ సంఖ్య, ఫాంటు పేరు, ఆపరేటింగ్ సిస్టం వివరాలు కింద ఇచ్చాను. రెండు బొమ్మలు జతచేశాను. ఇలాంటిదే రెండేళ్ళ కిందట ఒకరు చెప్పి ఉన్నారు, కానీ అది తెరమీది సమస్య, ఇది వేరని అనుకుంటున్నాను. ఒత్తులను లెక్కించే చోట తేడా ఉందని నా అనుమానం. అవునంటే దిద్ది పంపగలను, పదిహేను రోజులు పడుతుంది. నా వల్ల కాకపోతే ఇక్కడే చెప్పేస్తాను." దీనియందు 'సార్' లేదు, 'ప్లీజ్' లేదు, పొగడ్త లేదు. కాని వ్రాసినవాడు ముందుగా చదివెను, వెదకెను, పరీక్షించెను, తన కెంత తెలియునో అంతయే చెప్పెను, చేయలేనిచో ఆ మాటయు చెప్పుదునని మాట యిచ్చెను. మన సీమలో పెద్దలయెడ వినయము చూపు విధమును మన పిల్లలకు ఎవ్వరును నేర్పనక్కరలేదు. అన్నా యన్న పిలుపును 'నా' యని కుదించి ప్రేమతో పలుకు నేల యిది. ఆ వినయము పిలుపునుండి పనిలోనికి ఎట్లు రావలెనో అదియే నేర్పవలసియున్నది.

దీనికి వచ్చు సమాధానమును గూడ చూపవలెను, ఏలయన మన విద్యార్థులలో కొందరు ఇదివరకే ప్రాజెక్టులకు నిర్వాహకులైనారు, ఇక ముందు అనేకులు కానున్నారు. "మీరు చూపిన లోపము నిజమే, పరిశీలించినందుకు కృతజ్ఞులము. అయితే మీరు పంపిన దిద్దుబాటువలన కన్నడపు ఒత్తులు చెడుచున్నవి. క్రింద చెప్పిన పరీక్ష నడిపిన యెడల కనబడును. రెండు భాషలకును సరిపోవునట్లు మార్చగలిగితే తీసికొందుము" అని వ్రాసిన నిర్వాహకుడు కాదనియే చెప్పినాడు, ఐనను ఆ కాదనుటలో కుర్రవానికి చేయదగిన పని యొకటి మిగిలినది. "ఈపాటి తెలియనివాడవు కోడు ముట్టుకొననేల?" అని వ్రాసినవాడును ఆ లోపమునే చూచినాడు, ఆ తీర్పునే యిచ్చినాడు, కాని ఒక మనుష్యుని పోగొట్టుకొన్నాడు, కన్నడపు ఒత్తుల సంగతి చెప్పనేలేదు.

కఠినత్వము లేనిది నాణ్యత నిలువదని వాదించువారు కలరు. వారు తరచుగా లినక్సును ఉదాహరణముగ చూపుదురు. లినస్ టోర్వాల్డ్స్ చాలకాలము తన సహచరులపై పరుషోక్తులు ప్రయోగించుచు వచ్చుట జగమెరిగిన సంగతి. వాడుకరుల ప్రోగ్రాములు చెడునట్లు లినక్సు కేంద్రభాగమైన కెర్నెలును మార్చరాదు అను నియమముపై 2012 డిసెంబరులో ఆయన యొక సహచరుని గద్దించిన విధము నేటికిని చెప్పుకొందురు. నియమము నూటికి నూరుపాళ్ళు సరియైనదే. దానివలన కోట్లమంది సుఖపడుచున్నారు. గద్దింపు లేకున్నను ఆ నియమము అంతే సరియైనదిగా నుండెడిది. ఇది నా మాట మాత్రమే కాదు: 2018 సెప్టెంబరు 16వ తేదీన ఆయనయే తన ప్రవర్తన తగినది కాదని బహిరంగముగ క్షమాపణ చెప్పి, కొంతకాలము పని విరమించి, ఇతరుల భావములను అర్థము చేసికొనుటకు సహాయము పొందుదునని ప్రకటించెను. ఆ దినములలోనే కెర్నెలు బృందము, 2014లో కొరలైన్ ఎడా ఎమ్కీ రచించిన 'కంట్రిబ్యూటర్ కవెనంట్' అను ప్రవర్తన నియమావళి నాధారము చేసికొని తన నియమావళిని స్వీకరించెను. లినక్సుపై నిర్మింపబడిన డెబియన్ అను ప్రాజెక్టు వారు 2014లోనే ఓటింగు జరిపి యొక నియమావళిని ఏర్పరచుకొనియుండిరి. వికీమీడియా ఫౌండేషను 2020 డిసెంబరులో తన ప్రాజెక్టులన్నిటికిని వర్తించునట్లు సార్వత్రిక నియమావళిని ఆమోదించెను. తెలుగు వికీపీడియాయు దాని క్రిందిదే. టోర్వాల్డ్స్ 2018 అక్టోబరులోనే పనికి తిరిగి వచ్చెను. లినక్సు నాణ్యత తగ్గలేదు.

మాటల కాఠిన్యము మనస్సును నొప్పించుటతో ఆగిపోదనుటకు ఎక్స్‌జెడ్ యుదంతము చాలును. ఎక్స్‌జెడ్ యనునది ఫైళ్ళను కుదించు చిన్న సాధనము; లినక్సు నడచు దాదాపు ప్రతి యంత్రమునను ఉన్నది. దానిని ఏండ్ల తరబడి లాసె కాలిన్ అను ఒక్కడు తన తీరిక సమయమున చూచుకొనుచుండెను. 2022లో, ఎవరో అజ్ఞాతనామములతో వచ్చి, పని ఆలస్యమగుచున్నదనియు, నీకు ఆసక్తి లేనిచో వేరొకరికి అప్పగింపుమనియు అతనిని పదేపదే పొడిచి మాటలాడిరి. తన మానసికారోగ్యము బాగుగా లేదనియు, ఇది జీతము లేని పని యనియు ఆతడు చెప్పుకొనవలసి వచ్చెను. ఆ సమయమున జియా టాన్ అను పేరుగలవాడు ఓర్పుతో సహాయము చేయుచు, క్రమముగ అతని నమ్మకము చూరగొని, సహనిర్వాహకుడై, 2024 ఫిబ్రవరిలో వెలువడిన 5.6.0 వెర్షనులో దొంగదారి నొకదానిని దాచెను. 2024 మార్చి 29వ తేదీన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు, తన యంత్రములోనికి లాగిన్ అగుటకు కావలసినదానికంటె అరసెకను కాలము ఎక్కువ పట్టుచున్నదేమని శోధించి దానిని బయటపెట్టకున్నచో ఎన్ని సర్వర్ల తలుపులు తెరచుకొనియుండెడివో ఊహించుటకే భయమగును. ఆ గద్దించిన పేర్లును మోసగానివే యని, ఒకే కుట్రలో భాగమని భద్రతా పరిశోధకులు అనేకులు భావించుచున్నారు. నన్ను కలచివేసినది మరియొకటి: ఆ మాటలు ఎవ్వరికిని అనుమానము కలిగింపలేదు. నిర్వాహకుని అట్లు పొడుచుట అంత పరిపాటి యైపోయినది గనుక, పగవాడు ఆ ముసుగు వేసికొని వచ్చినను ఎవ్వరును పోల్చుకొనలేకపోయిరి. ఒంటరియైన యొక మనిషికి "మీరు విశ్రాంతి తీసికొనుడు, ఈ పని నేను చూచెదను" అని నమ్మదగినవారెవరేని ముందుగా చెప్పియుండినచో ఆ మోసగానికి అంత చోటు దొరకియుండెడిది కాదని నా యభిప్రాయము.

ఇక నలుగురి యెదుట మాటలాడుట సంగతి. పొట్టి ఆవులకు పేరుపొందిన పుంగనూరు వారికి పశువుల సంత మర్యాద చెప్పనక్కరలేదు. మన సంతలలో అమ్మువాడును కొనువాడును తువాలు క్రింద చేతులు చేర్చి, వ్రేళ్ళు పట్టి బేరమాడుకొందురు; బేరము కుదరకపోయినను ఎవడెంత తగ్గెనో, ఎవడెంత కాదనెనో చుట్టునున్నవారికి తెలియదు, ఇద్దరి పరువును నిలుచును. ఓపెన్ సోర్సులో ఆ తువాలు లేదు. అడిగినదియు, కాదన్నదియు, తప్పు పట్టినదియు, తడబడి చెప్పిన సంజాయిషీయు లోకమంతయు చూచుచుండగానే జరుగును. పదేండ్లు గడచినను వెదకినవానికి దొరకును. రేపు ఉద్యోగమిచ్చువాడు చూచును, ఎల్లుండి పుట్టబోవు బిడ్డయు చూడవచ్చును. బహిరంగత ఈ పనికి ప్రాణము, దానిని తీసివేయుమని నేననను. అది కఠినమైన వెలుగు గనుక దానిక్రింద నిలుచు కుర్రవానియెడల, ముఖ్యముగ మొదటిసారి నిలుచువానియెడల, మాట మెత్తగ నుండవలెననుచున్నాను. తీవ్రముగ మందలింపవలసివచ్చినపుడు విడిగా ఉత్తరము వ్రాయుట యెప్పుడును మేలు.

ఎదుటివానికి తగినట్లు మాటలాడు విషయమున కుప్పము విద్యార్థులు అందరికంటె అదృష్టవంతులు. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయమును అచట నెలకొల్పుటకు కారణమైన మూడు రాష్ట్రముల కూడలి వారికి పుట్టుకతోనే దొరకిన పాఠశాల. అంగడిలో కూర్చున్నవాడు వచ్చినవాని నోటి మాట విని తమిళమునకో, కన్నడమునకో, తెలుగునకో మారిపోవుటయు, ఎదుటివానికి తెలియని మాట వచ్చినపుడు విసుగుకొనక వేరొక మాట వెదకుటయు అచట నిత్యకృత్యము. 2002లో హ్యూలెట్ పాకార్డ్ కంపెనీ 'ఐ-కమ్యూనిటీ' పథకమునకు కుప్పమును ఎన్నుకొన్నపుడు ఆ ఊరివారు కంపెనీ యిచ్చినదానిని అందుకొన్నవారు. నేడు వారి బిడ్డలు తామే యిచ్చువారగుచున్నారు. అట్టివారు తెలుగు సాఫ్ట్‌వేరు అనువాదమునకు వచ్చి ఒక మాట సూచించినపుడు, "ఇది అరవ తెలుగు" అని కోస్తావాడో హైదరాబాదువాడో నవ్వుట విన్నాను. అది మాటపై వచ్చిన విమర్శ కాదు, మనిషిపై వచ్చిన విమర్శ. సూచించిన మాట పొసగదనుకొన్నచో ఎందుకు పొసగదో చెప్పవచ్చును. వాని ఊరిని అందులోనికి లాగరాదు. ఇది తెలంగాణము మాటకును, రాయలసీమ మాటకును, ఉత్తరాంధ్ర మాటకును సమానము. ఆడపిల్ల పంపిన కోడునకు "ఎవరు వ్రాసి యిచ్చిరి?" అని యడుగుటయు ఈ జాతికి చెందినదే, ఇట్టిదానిని తరగతిలో వినిన అధ్యాపకుడు ఆ క్షణముననే ఖండింపవలెను.

ఇప్పుడు వచ్చిన కొత్త కష్టమును గూర్చి ఒక్క మాట. కర్ల్ అను సాధనమును 1998 నుండి నడుపుచున్న స్వీడనువాడు డేనియల్ స్టెన్‌బెర్గ్, కృత్రిమమేధ వ్రాసియిచ్చిన బూటకపు భద్రతా ఫిర్యాదులతో తన బృందపు కాలము హరించుకుపోవుచున్నదని 2024 జనవరిలోనే బహిరంగముగ వాపోయెను. యంత్రసహాయము తీసికొనుట తప్పని నేననను. తాను చదివి అర్థము చేసికొనని మాటను తన సంతకముతో పరుల ముందు పెట్టుట మాత్రము తప్పు. ప్రశ్న యడిగినవానికి మరల యంత్రము చేతనే జవాబు చెప్పించుట అంతకంటె తప్పు. ఇంగ్లీషు సరిగా రాదని జంకువారు నాలుగు పొట్టి వాక్యములు తామే వ్రాయుటకు ధైర్యము చేయవలెను. తప్పులున్న నిజమైన ఇంగ్లీషును ఆదరించు నిర్వాహకులు నేను చూచినంతలో ఎక్కువమందియే.

ఇతరుల శ్రమను ఒప్పుకొనుట గూర్చి మదనపల్లె వారు గర్వముతో చెప్పుకొను సంగతి యొకటి యున్నది. అనీబిసెంటు 1915లో స్థాపించిన థియోసాఫికల్ కళాశాలకు 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు అతిథిగ వచ్చినపుడు, 28వ తేదీన 'జనగణమన' గీతమును ఆయన స్వయముగ ఇంగ్లీషులోనికి మార్చెను. ప్రధానాచార్యుడైన జేమ్స్ కజిన్స్ భార్య, ఐర్లండునుండి వచ్చిన సంగీతవేత్త మార్గరెట్ కజిన్స్ ఆ గీతపు బాణీకి స్వరలిపి సమకూర్చెను. విశ్వకవి పేరు లోకమంతట మారుమ్రోగుచున్నను, నూరేండ్లు దాటిన పిమ్మటను మదనపల్లె వారు మార్గరెట్ కజిన్స్ పేరు విడువక చెప్పుదురు. ఎవరి పాలు వారికే చెందునట్లు చెప్పుట యను ఈ సంస్కారమే కోడులోను కావలసినది. ప్రక్క గదిలోని స్నేహితుడు లోపము కనిపెట్టియుండగా తన పేర మాత్రమే దిద్దుబాటు పంపరాదు. ఇదివరకొకరు సగము చేసి విడిచిన పనిని పూర్తిచేసినపుడు వాని పేరు కమిట్ సందేశమున, అనగా మార్పుతోపాటు నమోదగు వివరణలో, వ్రాయవలెను. దానికి తగిన పద్ధతి గిట్‌లోనే యున్నది, ఒక్క పంక్తి చాలును.

మహాశయులారా, నేను కోరునది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. పుల్ రిక్వెస్టుల సంఖ్యకు మార్కులిచ్చు పద్ధతిని మానుడు. దానికి మారుగా విద్యార్థి జరిపిన ఒక్క సంభాషణను, అది తిరస్కారముతో ముగిసినను సరే, మొదటినుండి తుదివరకు చదివి, అతడెట్లు అడిగెనో, ఎట్లు వినెనో, ఎట్లు దిద్దుకొనెనో చూచి మార్కులిండు. కోడు పంపుటకు ముందు ఒక నెల దినములు తానెంచుకొన్న ప్రాజెక్టులోని చర్చలను, దాని ప్రవర్తన నియమావళిని, సహాయకులకై వ్రాసిన సూచనలను చదువుమనుడు. కళాశాలలోనే యొక అభ్యాస ప్రాజెక్టు నెలకొల్పి, మూడవ సంవత్సరమువారు రెండవ సంవత్సరమువారి కోడును సమీక్షించునట్లు చేసి, ఆ సమీక్షలలోని మాటలను మీరు స్వయముగ దిద్దుడు. సాధ్యమైనచో మీలో ఒక్కరైనను ఏదేని యొక ప్రాజెక్టునందు పాలుగొనుడు. అపరిచితుని చేత కాదనిపించుకొనిన అధ్యాపకుడు ఆ యనుభవముతో చెప్పు పాఠము వేరు. మన సీమనుండి వెళ్ళి బెంగుళూరు, హైదరాబాదు, అమెరికాలలో ప్రాజెక్టులు నడుపుచున్న పూర్వవిద్యార్థులను పిలిచి, వారికి వచ్చు ఉత్తరములలో మంచివియు చెడ్డవియు, పేర్లు తీసివేసి, పిల్లలకు చూపింపుడు.

హ్యాక్టోబర్‌ఫెస్టు ప్రతి యేట అక్టోబరులో వచ్చును. ఈసారి అది రాకముందే, సెప్టెంబరులోనే, ఈ విషయముపై ఒక్క వారము తరగతులు నడుపవలసినదిగ మిమ్ము ప్రార్థించుచున్నాను.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి, ఈ సీమవాడొకడు
మదనపల్లె